సుద్దగీతకు అటూ ఇటూ



మార్కాపురం అనగానే పెద్దవాళ్లకు ముందు గుర్తొచ్చేది చెన్నకేశవస్వామి గుడి. ఆ తర్వాత పలకలు. ఇప్పుడు పిల్లల సంచుల్లో పలక కనబడటం తగ్గింది గానీ, యాభై ఏళ్లు దాటినవాళ్ల వేళ్లకు ఆ నల్లరాతి చల్లదనం ఇంకా గుర్తే. చుట్టూ చెక్క. బలపం కీచుమనే చప్పుడు. దొండాకుతో తుడిస్తే అంటుకునే పచ్చివాసన.

పలకరాయి పొరలు పొరలుగా ఉంటుంది. నిదానంగా విడదీయాలి. విడదీసిన ప్రతి పొరా పెద్ద పలకకు పనికిరాదు. ఒకదానికి మూల విరుగుతుంది. ఇంకోదానికి నడిమధ్య సన్నని జీర ఉంటుంది. పని తెలిసినవాడు దాన్ని వెంటనే పారేయడు. అటూ ఇటూ తిప్పి చూస్తాడు. జీర పక్కగా కోసి చిన్న పలక తీస్తాడు. అ ఆలు దిద్దే పిల్లకు అది చాలు.

ఈ పూట చెప్పుకోబోయేది అలాంటి మనుషుల గురించి. మూల విరిగినవాళ్లు, జీర ఉన్నవాళ్లు. దేవుడికి పని పడితే మచ్చలేని మనిషి కోసం ఎదురుచూస్తూ కూర్చోడట. చేతికందిన మనిషితోనే మొదలుపెడతాడట. భక్తులు అలా నమ్ముతారు. నమ్మనివాళ్లు కూడా ఈ కథను కొట్టిపారేయలేరు. ఎందుకంటే ఇది మన ప్రాంతంలోనే జరిగింది. కనిగిరి, పొదిలి, కంభం, మార్కాపురం పల్లెల్లో జరిగింది. నూటయాభై ఏళ్ల కిందటి మాట.

ఈ కథలో ఇద్దరు ముఖ్యులు. ఒకరు అమెరికా నుంచి వచ్చిన సర్వేయరు. పేరు జాన్ ఎవరెట్ క్లౌ. మనవాళ్లకు క్లౌ దొర. ఇంకొకరు తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ. పేరు యర్రగుంట్ల పేరయ్య. ఊరు కనిగిరి వైపు తాళ్లకొండపాడు.

ముందు దొర సంగతి చూద్దాం.

క్లౌ 1836 జులైలో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. పేదల ఇల్లు. చిన్న వయసులోనే మిన్నెసోటా అడవుల్లో సర్వే పార్టీలో చేరారు. గొలుసు పట్టి నేల కొలవడం, మట్టం చూడటం, చిత్తడి నేలల్లో హద్దురాళ్లు పాతడం ఆయన చదివిన మొదటి చదువు. అప్పటికి దేవుడి ధ్యాస లేదు. ప్లీడరు కావాలని కోరిక. అయోవాలోని బర్లింగ్టన్ కాలేజీలో చేరారు.

అక్కడ ఆయనకు గదిలో ఒక తోటి విద్యార్థి ఉండేవాడు. భక్తిపరుడు. రోజూ మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసేవాడు. క్లౌకు ఒళ్లు మండేది. ఒకరోజు సుద్దముక్క తీసుకున్నారు. గది నడిమధ్య నేల మీద గీత గీశారు. నీ ప్రార్థనలన్నీ ఆ పక్కనే చేసుకో, గీత దాటి నా వైపు రాకూడదు అన్నారు.

ఈ సుద్దగీతను కాస్త గుర్తుంచుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఆ గీత ఎక్కువ కాలం నిలవలేదు. కాలేజీలో ఉండగానే ఆయన మనసు మారింది. బాప్తిస్మం తీసుకున్నారు. కొన్నేళ్లకు, 1864లో, భార్య హారియెట్‌తో కలిసి ఓడెక్కారు. 1865లో నెల్లూరు చేరారు. నమ్మకం మారింది గానీ స్వభావం మారలేదు. మొండి మనిషి. తొందర మనిషి. తనకు తోచిందే సరైనదనే రకం. తెలుగువాళ్లంతా చీకట్లో ఉన్నారు, వెలుగు మొత్తం తన చేతిలోనే ఉంది అనుకుంటూ దిగారు. ఇది ఎవరో గిట్టనివాళ్లు వేసిన నింద కాదు. ముసలితనంలో ఆయనే ఒప్పుకున్న మాట.

ఆయన చేరిన మిషన్ పరిస్థితి కూడా అంతంత మాత్రమే. అమెరికన్ బాప్తిస్టులు తెలుగుదేశంలో 1836 నుంచి పనిచేస్తున్నారు. దాదాపు ముప్పై ఏళ్లకు వాళ్ల చేతిలో మిగిలింది నెల్లూరు ఒక్కటే. పటం మీద ఒంటరి చుక్కలా కనబడేది. అందుకే దానికి ఒంటి నక్షత్రం మిషన్ అని పేరు పడింది. మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. మూయొద్దని పట్టుబట్టినవాడు ఆ మిషన్‌లోని మిషనరీ లైమన్ జూయెట్. 1854 జనవరి ఒకటో తేదీ తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ఆయన, ఆయన భార్య, మరో ముగ్గురు తెలుగువాళ్లు, మొత్తం అయిదుగురు నిలబడి ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. అడిగినది మనిషిని. పన్నెండేళ్లకు వచ్చినవాడు ఈ మొండి సర్వేయరు. 1866లో క్లౌ దంపతులు ఒంగోలులో కాపురం పెట్టారు.

ఇక పేరయ్య.

పేరయ్యకు బడి చదువుల గొప్ప లేదు. కులం చూస్తే ఆనాటి లెక్కలో అట్టడుగు. బతుకుతెరువు తోళ్లు. కానీ ఆ తోళ్ల వ్యాపారంలోనే ఒక కిటుకు ఉంది. తోళ్లు కొనేవాడు ఒక ఊళ్లో కూర్చుంటే కుదరదు. ఊరూరా తిరగాలి. ఏ పల్లెలో ఎవరున్నారో తెలియాలి. ఎవరి కూతురిని ఎవరికిచ్చారో కూడా తెలుస్తుంది. కనిగిరి నుంచి ఉత్తరాన గోదావరి వైపు దాకా పేరయ్యకు దారులు తెలుసు. ఆ దారుల్లో ప్రతి మాదిగ పల్లెలోనూ చుట్టమో, పరిచయస్తుడో ఉన్నాడు. ఊరికి బయట, గాలి ఇటు వీచకూడదని దూరంగా పెట్టిన పల్లెలవి. ఊళ్లో పెద్దమనుషులకు కనబడని ఒక పెద్ద వల ఆ పల్లెల మధ్య అల్లుకుని ఉంది. పేరయ్య ఆ వలలో ఒక ముడి.

పేరయ్య ఊరికే తిరిగేవాడు కాడు. లోపల ఏదో వెతుకులాట. ఒక స్త్రీ గురువు దగ్గర రాజయోగం నేర్చుకున్నాడు. గంటల తరబడి కళ్లు మూసుకుని కూర్చునేవాడు. ఇందులో వింతేమీ లేదు. మన నల్లమల చుట్టుపక్కల, బనగానపల్లె నుంచి కందిమల్లాయపల్లె దాకా, వీరబ్రహ్మం గారి బోధ అట్టడుగు వాడల్లోకి ఎప్పుడో దిగింది. ఆయన శిష్యుడు సిద్ధయ్య దూదేకుల వాడు. ఇంకో శిష్యుడు కక్కయ్య మాదిగ. కక్కయ్య కథ తెలిసినవాళ్లు చాలామందే ఉంటారు. దేహంలో దేవతలున్నారని గురువు చెప్పగా చాటున విని, నిజమో కాదో చూద్దామని ఇంటికెళ్లి భార్య పొట్టే చీల్చాడని, ఏమీ కనబడక లబోదిబోమంటూ గురువు మీదికే వచ్చాడని, గురువు ఆమెను బతికించాడని చెబుతారు. అంత ఘోరం చేసినవాడు శిష్యుడయ్యాడు. చేతికందిన మనిషితో పని మొదలవుతుందన్న మాట మన నేలకు దొర తెచ్చిన కొత్త సరుకు కాదన్నమాట.

వ్యాపారం మీద ఉత్తరం వైపు వెళ్లినప్పుడు పేరయ్య క్రైస్తవ బోధ విన్నాడు. తిరిగొచ్చి ఒంగోలులో జూయెట్‌ను కలిశాడు. 1866లో పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. తీసుకుని ఊరికే కూర్చోలేదు. అవే దారులు, అవే పల్లెలు, అవే చుట్టాలు. తోళ్ల బేరం మాట్లాడిన నోటితోనే ఈ కొత్త మాట చెప్పడం మొదలుపెట్టాడు. 1867 జనవరి ఒకటిన ఒంగోలులో ఎనిమిది మందితో సంఘం ఏర్పడింది. అదే నెలలో పేరయ్య కబురు మీద క్లౌ తాళ్లకొండపాడు వెళ్లారు. చింతతోపులో మకాం. తిండి మూటలు కట్టుకుని చుట్టుపక్కల పల్లెల నుంచి జనం వచ్చారు. అయిదు రోజులు విన్నారు, అడిగారు. ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం తీసుకున్నారు.

పుస్తకాల అట్టల మీద క్లౌ పేరే ఉంటుంది. కానీ ఆ చింతతోపు సిద్ధం చేసింది ఎవరు? పిలిచింది ఎవరు? దొర, పిలిస్తే వచ్చినవాడు. అంతే. ఈ సంగతి ఎవరు దాచినా దాగదు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది.

ఒంగోలులో అడుగుపెట్టినప్పుడు క్లౌ లెక్క వేరు. ముందు బ్రాహ్మణులు, పెద్ద కులాలవాళ్లు. వాళ్ల పిల్లలకు బడి. వాళ్లు వస్తే మిగతావాళ్లు వాళ్ల వెనకే వస్తారు. ఆ రోజుల్లో చాలామంది మిషనరీల లెక్క అదే. బడి పెట్టారు. పై కులాల పిల్లలు వచ్చారు. పట్టణంలో మంచి మాటే నడుస్తోంది. ఇంతలో తాళ్లకొండపాడు మాదిగలు వచ్చి చేరారు. ఊళ్లో కలకలం. పెద్దమనుషులు వచ్చి మర్యాదగానే చెప్పారు. వీళ్లను చేర్చుకుంటే మేం రాం. మా పిల్లలూ రారు. వాళ్లు కావాలా, మేం కావాలా తేల్చుకోండి.

శ్రోతలు ఆ సుద్దగీతను ఇప్పుడు గుర్తు చేసుకోవాలి. ఒకప్పుడు గది మధ్యన గీత గీసి, అటువాడు ఇటు రాకూడదన్న మనిషి ఇతనే. ఇప్పుడు అతని గుమ్మంలోనే ఇంకో గీత గీశారు. ఇది సుద్దతో గీసింది కాదు. వందల ఏళ్ల గీత.

క్లౌ తడబడ్డారు. ఇందులో దాచడానికేమీ లేదు. అప్పటికప్పుడు గుండె మీద చెయ్యేసుకుని, మాదిగలే నాకు ముఖ్యం అని చెప్పలేదు. గదిలోకి వెళ్లారు. బల్ల మీద కొత్త నిబంధన ప్రతులు గుట్టగా ఉన్నాయి. ఒకటి తీశారు. అది తెరుచుకున్న చోట కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం ఉంది. లోకం దృష్టిలో తెలివిగలవాళ్లను, గొప్ప వంశాలవాళ్లను కాదు, లెక్కలోకి రానివాళ్లను దేవుడు ఏరుకున్నాడని పౌలు చెప్పే చోటు. చదివి లేచి భార్యకు చెబుదామని వెళ్లారు. హారియెట్ పక్క గదిలో ఉన్నారు. అదే వేళకు ఆమె కూడా ఇదే చిక్కు మీద మనసు పెట్టి పుస్తకం తెరిచారు. ఆమె ముందున్నదీ అదే అధ్యాయం. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఇది కాకతాళీయమా, దైవలీలా అనేది ఎవరి నమ్మకం వాళ్లది. కానీ ఆ తర్వాత జరిగింది మాత్రం అందరికీ తెలిసిందే. మాదిగలను చేర్చుకున్నారు. పై కులాల పిల్లలు బడి మానేశారు. బడి మూతపడింది. క్లౌ పథకం అక్కడితో పోయింది. పోయిన పథకం ఆయనది. పెరిగిన పని పేరయ్యది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, ఆ రోజుల్లో మాదిగ పల్లెలో క్రైస్తవుడు కావడమంటే ఏమిటో చూడాలి. సంఘంలో చేరేవాళ్లకు మూడు షరతులు పెట్టారు. ఆదివారం పనిచేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి మూడు ముక్కలే. పల్లె బతుకును మాత్రం మొదలంటా కుదిపేశాయి.

ఎందుకంటే రైతుకు మాదిగ లేనిదే సేద్యం సాగదు. బావి నుంచి నీళ్లు తోడే కపిలకు తోలు బాన కావాలి. అది చిరిగితే కుట్టాలి. ఎద్దులకు వార్లు కావాలి. కాళ్లకు చెప్పులు కావాలి. మెట్ట చేలల్లో, కంభం చుట్టుపక్కల బావుల కింద, ఒక్క రోజు కపిల ఆగితే పైరు వాడుతుంది. బాన చినిగింది ఆదివారం. మాదిగ ఆదివారం పని ముట్టనంటాడు. రైతుకు కడుపు మండదా? ఊరి జాతరలో డప్పు కొట్టేదీ మాదిగే. డప్పు లేని జాతర ఏం జాతర? నేను కొట్టను అన్నాడు. ఇక గొడవలే. బావుల దగ్గరికి రానివ్వలేదు. కూలి ఆపారు. గింజలు ఆపారు. కొట్టారు కూడా.

గిద్దలూరు దాటి సీమ వైపు వెళితే డప్పును పలక అంటారు. తండ్రి చేతిలో తోలు పలక. కొడుకు చేతిలోకి రాతి పలక. ఆ మార్పు జరిగింది ఈ గొడవల మధ్యే.

ఆ రాతి పలక పట్టించినవాళ్లు ఎవరు? ఇక్కడే ఈ ప్రసంగంలో అసలు మాట ఉంది. పల్లెల్లో పాఠం చెప్పినవాళ్లు పండితులు కాదు. వాళ్లే నిన్నటిదాకా అక్షరం రానివాళ్లు. ఒంగోలులోనో, రామాయపట్నంలోనో కొన్నాళ్లు కూర్చుని చదవడం, రాయడం నేర్చుకుని తిరిగి పల్లెకు వచ్చినవాళ్లు. వాళ్లకు ఒత్తులు తప్పేవి. లెక్కలు తప్పేవి. కొందరికి తాగుడు ఒక పట్టాన వదల్లేదు. కొందరు పోట్లాడుకున్నారు. కొందరు మానేసి వెళ్లిపోయారు. అయినా నాలుగు అక్షరాలు వచ్చినవాడు రెండు అక్షరాలు పక్కవాడికి నేర్పాడు.

ఇంట్లో పాలు తోడు పెట్టే ఆడవాళ్లను అడగండి. తోడుకు వేసే మజ్జిగ చూస్తే పుల్లగా ఉంటుంది. ఒక్కోసారి నిన్నటిది కూడా కాదు, మొన్నటిది. దాన్నే తాగమంటే ఎవరూ తాగరు. కానీ గోరువెచ్చని పాలల్లో ఆ రెండు చుక్కలు పడితే తెల్లారేసరికి గట్టి పెరుగు. తియ్యని మజ్జిగ దొరికేదాకా తోడు పెట్టం అని ఏ ఇల్లాలైనా కూర్చుంటుందా? పాలు విరిగిపోతాయి. ఆ పల్లె పంతుళ్లు పుల్లని మజ్జిగే. పెరుగు మాత్రం తోడుకుంది.

ఇంతలో కరువు వచ్చింది.

1876లో వానలు పోయాయి. ధాత నామ సంవత్సరం. మన ముసలివాళ్లు ధాత కరువు అని చెప్పుకునేది దాన్నే. మద్రాసు రాజధానిలో లక్షల మంది పోయారు. అప్పట్లో మార్కాపురం, కంభం కర్నూలు జిల్లాలో ఉండేవి. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో కదా. ఆ కర్నూలు జిల్లా జనాభా 1871 లెక్కకూ 1881 లెక్కకూ మధ్య దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. నలుగురున్న ఇంట్లో ఒకరు లేరని లెక్క. ఆకలి కొంత, కలరా కొంత.

అప్పుడు ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్వకాన్ని కరువు పనిగా పెట్టింది. కాలువ పనుల్లో మాదిగలకు, మాలలకు అడుగడుగునా చిక్కులు. కొలతల్లో మోసం. కూలిలో కోత. క్లౌ ఒక పని చేశారు. ఆ కాలువలో మూడున్నర మైళ్ల ముక్కను తానే కాంట్రాక్టు తీసుకున్నారు. ఎలా తీసుకోగలిగారు? మిన్నెసోటా అడవుల్లో గొలుసు పట్టారు కాబట్టి. మట్టం చూడటం తెలుసు. తవ్విన మట్టిని కొలవడం తెలుసు. ఇంజనీర్లతో వాళ్ల భాషలో మాట్లాడటం తెలుసు. దేవుడి ధ్యాస లేని రోజుల్లో, ప్లీడరు చదువుకు డబ్బు కూడబెట్టుకోవడానికి నేర్చిన విద్య అది. బైబిలు పాఠశాలలో ఆ విద్య నేర్పరు. ఆ కరువులో జనానికి గంజి పోసింది బైబిలు చదువు కాదు, ఆ గొలుసు చదువే.

ఒక్కోసారి మూడు వేల మంది దాకా అక్కడ పనిచేశారు. ఎవరు పోయినా, వాళ్ల చోటికి ఇంకొకరు వచ్చారు. పల్లె బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. ఒక్కొక్కరి కింద దాదాపు వంద మంది. కులం అడగలేదు. పగలు తట్టలు మోయించారు. పొద్దుగూకాక ఆ మనుషుల మధ్యనే కూర్చున్నారు. తమతో కూర్చుని మాట్లాడిన మేస్త్రీని ఆ జనం అంతకు ముందు చూసి ఉండరు.

మొండితనం ఇక్కడ ఇంకో రకంగా పనికొచ్చింది. కరువులో బాప్తిస్మం అడిగినవాళ్లు చాలామంది. క్లౌ ఒప్పుకోలేదు. గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదని పట్టుబట్టారు. పదిహేను నెలలపాటు ఒక్కరికీ ఇవ్వలేదు. బోధకులు బతిమాలినా వినలేదు.

1878 జూన్. వానలు పడ్డాయి. కాలువ పని అయిపోయింది. సాయం డబ్బు అయిపోయింది. ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ల దూరంలో, గుండ్లకమ్మ పక్కన వెల్లంపల్లి దగ్గర బోధకులతో మాట్లాడాలని క్లౌ కబురు పెట్టారు. మీరే రండి, జనాన్ని తీసుకురావద్దు అని మరీ చెప్పారు. జనం ఆగలేదు. వేలమంది వచ్చేశారు. క్లౌ ఒక గోడెక్కి నిలబడ్డారు. నా దగ్గర ఇక డబ్బు లేదు, సాయం చేయలేను, ఇళ్లకు వెళ్లిపోండి అని చెప్పారు. వాళ్లు చేతులు చూపించారు. కాలువ తట్టలు మోసి కాయలు కాసిన చేతులు. మాకు డబ్బు వద్దు, కష్టం చేసుకుంటాం, మళ్లీ కరువొచ్చి చచ్చినా సరే, మమ్మల్ని చేర్చుకోండి అన్నారు.

ఈసారి ఆ మొండి మనిషి మెత్తబడ్డారు. బోధకులతో కూర్చుని ఆలోచించారు. ఒప్పుకున్నారు.

జులై 2న 614 మంది బాప్తిస్మం తీసుకున్నారు. జులై 3న 2,222 మంది. ఆ మర్నాడు 700 మంది. జులై 3 లెక్క ప్రపంచమంతా పాకింది. ఆ రోజు నీళ్లలో నిలబడినవాళ్లు ఎవరో తెలుసా? క్లౌ కాదు. ఆయన దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున దిగారు. వాళ్లు అలసిపోతే ఇంకో ఇద్దరు. పొద్దున మొదలుపెట్టారు. మధ్యాహ్నం ఆగారు. సాయంత్రం దాకా సాగింది. ఆ సంవత్సరాంతానికి లెక్క 9,606.

గుండ్లకమ్మ మనకు పరాయి ఏరు కాదు. నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి, అక్కడి నుంచి తూర్పుగా సాగి వెల్లంపల్లి మీదుగా సముద్రంలో కలిసేది అదే. నీళ్లు కంభం నుంచి తూర్పుకు పోయాయి. ఆ మాట మాత్రం ఏటికి ఎదురెక్కి పడమరకు వచ్చింది. ఒంగోలు నుంచి అంతా చూసుకోవడం కుదరక, 1882లో కంభంలో ఒక కేంద్రం పెట్టారు. 1892లో కనిగిరి. 1894లో పొదిలి. 1895లో మార్కాపురం. ఈనాటికీ ఈ ఊళ్లలో ఏబీఎం (అమెరికన్ బాప్తిస్టు మిషన్) కాంపౌండ్ ఎక్కడ అని అడిగితే చిన్నపిల్లాడు కూడా చూపిస్తాడు.

ఇంత చెప్పాక ఒక చేదు నిజం కూడా చెప్పాలి. లేకపోతే ఇది పొగడ్తల పుస్తకం అవుతుంది.

గీత చెరిగిందా? పూర్తిగా చెరగలేదు. కంభం, మార్కాపురం వైపు బాప్తిస్టు సంఘాల్లో ఎక్కువమంది మాదిగలు. గిద్దలూరు, నంద్యాల వైపు ఆంగ్లికన్ల ఎస్.పి.జి. మిషన్ సంఘాల్లో ఎక్కువమంది మాలలు. ఒకే దేవుణ్ణి కొలిచారు. ఒకే పుస్తకం చదివారు. కానీ ఒక చాప మీద కూర్చోవడానికి చాలాకాలం వెనకాడారు. పెద్ద కులాలవాళ్లు తమకు గీసిన గీత ఎంత బాధించిందో తెలిసినవాళ్లే, తమలో తాము ఇంకో గీతను కాపాడుకున్నారు. మిషనరీలు కూడా దీన్ని మార్చడానికి అంతగా తంటాలు పడలేదు. ఎవరి సంఘం వాళ్లకు ఉంటే సుఖమనుకున్నారు. జీర ఉన్న రాయితో తీసిన పలక మీద జీర జాడ ఎక్కడో ఒకచోట మిగులుతుంది మరి.

బైబిల్లో మాత్రం మచ్చలేని మనుషులు ఎక్కడున్నారు? మోషేకు నోరు తిరగదు. యాకోబు అన్నను మోసం చేశాడు. పేతురు కోడి కూసేలోపు మూడుసార్లు బొంకాడు. పెద్ద పెద్ద బోధలు వినడం కన్నా ఆ పేర్లు వింటే మామూలు మనిషికి ఎక్కువ ధైర్యం వస్తుంది.

ఈ వారం వినేవాళ్లకు ఒక చిన్న పని. మీ ఇంట్లోనో, వీధిలోనో, ఒక మనిషిని గుర్తు తెచ్చుకోండి. వాడి వల్ల ఏమవుతుందిలే అని మీరు పక్కన పెట్టిన మనిషి. నాలుగో తరగతితో ఆపేసిన మేనల్లుడు కావచ్చు. నోరు జారే పెద్దమ్మ కావచ్చు. ఆ మనిషిని మార్చబోకండి. ముందు ఒక పని అప్పగించండి. చిన్నదే. పలక రాయి కోసేవాడు జీర ఎక్కడుందో చూసిన కళ్లతోనే పలక ఎంత వస్తుందో కూడా చూస్తాడు. చేతికందిన మనిషితోనే పని మొదలవుతుంది.

ఇక క్లౌ దొర చివరి సంగతి.

ఆయన భార్య హారియెట్ 1893లో పోయారు. తర్వాత ఎమ్మా రౌషెన్‌బుష్‌ను పెళ్లి చేసుకున్నారు. బాగా చదువుకున్న మనిషి. ఆమె మాదిగ పల్లెల్లో కూర్చుని, వాళ్ల కథలు, వాళ్ల పాత గురువుల సంగతులు రాసుకున్నారు. చెప్పులు కుట్టే మనుషుల గురించి 1899లో ఒక పుస్తకమే తెచ్చారు. పేరయ్య అందులో ఉన్నాడు. పేరయ్య రాజయోగమూ ఉంది, ఆ స్త్రీ గురువూ ఉంది.

ముసలితనంలో క్లౌ నడవలేకపోయారు. మైళ్ల కొద్దీ నేల కొలిచిన మనిషి కుర్చీకి పరిమితమయ్యారు. తన జీవితకథను చెబుతుంటే ఎమ్మా రాశారు. ఆయన 1910 నవంబరులో కన్నుమూశారు. ఆ పుస్తకం 1914లో వచ్చింది. అందులో ఆయన తన మొదటి రోజుల ఆలోచనను తానే సరిదిద్దుకున్నారు. తాను చీకట్లో ఉన్నారనుకున్న జనంలో ఒక మనిషి, తాను ఓడెక్కకముందే, కళ్లు మూసుకుని వెతుక్కుంటూ ఉన్నాడని ఒప్పుకున్నారు. ఎవరో ఆ మనిషిని ముందే సిద్ధం చేసి ఉంచారని, తాను తర్వాత వచ్చానని రాయించారు. బర్లింగ్టన్ గదిలో సుద్దగీతకు ఇటు పక్క నిలబడ్డ కుర్రాడు, ఆ మాట చెప్పేసరికి డెబ్భై దాటారు.